దిగలేకపోతే మళ్ళీ పైకి లేవండి

(ట్రస్టు వార్షిక ఉపకార వేతనాల ప్రదాన సభలో, బెంగళూరులో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో గెలిచినవాళ్ళ కథలు చెప్పడం ఆనవాయితీ. నేను మాత్రం ఈరోజు కూలిపోయిన విమానాల గురించి మాట్లాడదలచుకున్నాను. శుభమా అని పిల్లలకు ప్రోత్సాహం ఇచ్చేచోట ఇదేం ప్రసంగమని మీలో కొందరికి అనిపించవచ్చు. చివరిదాకా వినండి. ఇందులో పిల్లలకు ఒక మాట ఉంది, ట్రస్టు పెద్దలకు ఒక విన్నపం ఉంది.

మనం ఉంటున్న ఊరు విమానాల ఊరు. 1940లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ ఇక్కడే మొదలైంది. ఇస్రో, నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ ఇక్కడే ఉన్నాయి. మీలో ఇంజనీరింగు చదువుతున్నవారు రేపు వీటిలో ఎక్కడో ఒకచోట పనిచేయవచ్చు. తక్కినవారు కనీసం ప్రయాణికులుగానైనా ఈ విషయం తెలుసుకోవాలి.

ఇరవై నిమిషాల లెక్క కాదు, ఇరవై సెకన్ల లెక్క

మన కడప, కర్నూలు, రాజమండ్రి వంటి ఊళ్ళకు వచ్చేవి ఎక్కువగా చిన్న విమానాలు. ఏటీఆర్-72 అనే రకం చూసే ఉంటారు. రెక్కలు పైన, వాటికి రెండు పంకాలు. డెబ్బై మందికి పైగా కూర్చుంటారు. అంతకంటే చిన్నవి డోర్నియర్ విమానాలు, పందొమ్మిది మంది వరకు పడతారు.

విమానం రన్‌వే వైపు సుమారు మూడు డిగ్రీల వాలులో దిగుతుంది. ఆరు కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరంలో ఉన్నప్పుడు నేలకు 300 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఏటీఆర్ వంటి విమానం గంటకు దాదాపు 200 కిలోమీటర్ల వేగంతో వస్తూ, సెకనుకు సుమారు 3 మీటర్ల చొప్పున కిందికి దిగుతుంది. అంటే 300 మీటర్ల ఎత్తు నుంచి నేలను తాకడానికి పట్టేది 100 సెకన్లు. నిమిషంన్నర దాటి మరో పది సెకన్లు.

ఆకాశం తేటగా ఉంటే పైలట్ కళ్ళతో చూస్తూ దిగుతాడు. పొగమంచో, వానో, దట్టమైన మబ్బో ఉంటే పరికరాల మీద ఆధారపడాలి. పెద్ద విమానాశ్రయాల్లో ఐ.ఎల్.ఎస్. అనే ఏర్పాటు ఉంటుంది. నువ్వు కుడికి పోతున్నావా ఎడమకు పోతున్నావా అన్నది ఒక సంకేతం చెబుతుంది. వాలుకు పైన ఉన్నావా కింద ఉన్నావా అన్నది ఇంకొకటి చెబుతుంది. కొన్నిచోట్ల ఈ రెండో సంకేతం ఉండదు. అప్పుడు ఎత్తు లెక్క పైలట్లే చూసుకోవాలి.

ఏ ఏర్పాటు ఉన్నా ఒక గీత మాత్రం ముందే గీసి ఉంటుంది. మామూలు ఐ.ఎల్.ఎస్.లో ఆ గీత నేలకు 60 మీటర్ల ఎత్తు. వాలు సంకేతం లేనిచోట అది ఇంకా పైన ఉంటుంది. ఆ ఎత్తుకు వచ్చేసరికి రన్‌వేగానీ, దాని దీపాలుగానీ కంటికి కనబడాలి. కనబడకపోతే ఇంజన్ల శక్తి పెంచి మళ్ళీ పైకి లేవాలి. దీన్నే గో అరౌండ్ అంటారు. 60 మీటర్ల దగ్గర చేతిలో ఉండేది 20 సెకన్లు మాత్రమే. కనబడుతుందేమో, ఇంకొంచెం చూద్దాం అనుకోవడానికి ఆ 20 సెకన్లలో చోటు లేదు. అందుకే ఆ నిర్ణయాన్ని అక్కడిదాకా రాకముందే, ప్రశాంతంగా ఉన్నప్పుడే తీసుకుని పెట్టుకోవాలి.

పొగమంచులో ఒక మాయ ఉంది. పలుచని పొర మీద ఎగురుతూ నిట్టనిలువుగా కిందికి చూస్తే రన్‌వే దీపాలు కనబడతాయి. హమ్మయ్య అనుకుంటాం. ఆ పొరలోకి దిగాక ముందుకు ఏటవాలుగా చూడాలి. అప్పుడు చూపు దాటాల్సిన మంచు ఎన్నో రెట్లు ఎక్కువ. కనబడినవన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి.

ఒకే ఉదయం రెండు విమానాలు

1988 అక్టోబరు 19ని మన దేశ విమానయాన చరిత్రలో మరచిపోకూడదు. ఆ ఉదయం ముంబయి నుంచి అహ్మదాబాదు వెళ్ళిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737, రన్‌వేకు రెండున్నర కిలోమీటర్ల ముందే చెట్లను, విద్యుత్ స్తంభాన్ని తాకి కూలిపోయింది. విమానంలో ఉన్న 135 మందిలో 133 మంది మరణించారు. మసక కమ్మి చూపు రెండు కిలోమీటర్లకు తగ్గిన ఉదయం అది. దిశ, దూరం చెప్పే సంకేతాలతో దిగుతున్నారు. వాలు చెప్పే సంకేతం లేదు. పైలట్లిద్దరూ రన్‌వే ఎక్కడుందా అని బయట వెతుకుతూ ఉండిపోయారు. ఎత్తు చూపే మీటరును చూసేవారు లేరు. రన్‌వే కనబడకుండానే గీత దాటి కిందికి వచ్చేశారు. ఏ ఎత్తుకు వచ్చామో ఒకరికొకరు పైకి చెప్పుకోవాలన్న నియమం పాటించలేదు.

అదే రోజు గౌహతి దగ్గర వాయుదూత్ సంస్థ వారి ఫోకర్ ఫ్రెండ్‌షిప్ విమానం, వాతావరణం బాగోలేని వేళ దిగబోతూ కూలిపోయింది. అందులోని 34 మందీ మరణించారు. వాయుదూత్ అంటే ఈ తరం పిల్లలకు తెలియకపోవచ్చు. చిన్న ఊళ్ళకు విమానాలు నడపడానికి 1981లో ఏర్పడిన సంస్థ అది. మన రాజమండ్రికి కూడా ఒకప్పుడు వాయుదూతే దిక్కు. ఆ తరువాత 1990లలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

ఇది మన దేశానికే పరిమితమైన కథ కాదు. సమంతా స్మిత్ అనే అమెరికా బాలిక పేరు పెద్దలకు గుర్తుండవచ్చు. అమెరికా, రష్యా కత్తులు నూరుకుంటున్న 1982లో, యుద్ధం ఎందుకు అని సోవియట్ నాయకుడు ఆంద్రోపోవ్‌కు ఉత్తరం రాసిన పదేళ్ళ పిల్ల ఆమె. ఆయన జవాబు రాసి ఆహ్వానించగా 1983లో ఆ దేశం వెళ్ళి వచ్చింది. 1985 ఆగస్టు 25 రాత్రి, వానలో, మెయిన్ రాష్ట్రంలోని చిన్న విమానాశ్రయంలో దిగబోతూ ఆమె ఎక్కిన బీచ్-99 విమానం రన్‌వేకు ముందే చెట్లలో కూలింది. ఆమె, ఆమె తండ్రితో కలిపి ఎనిమిది మంది పోయారు. అప్పటికి ఆమెకు పదమూడేళ్ళు. దిగే తీరు కుదురుగా లేకపోయినా కెప్టెన్ దాన్ని కొనసాగించి వాలు కన్నా కిందికి వచ్చేశాడని దర్యాప్తులో తేలింది. నేల మీది కంట్రోలర్ దిశ చెప్పిన తీరు సరిగా లేకపోవడం కూడా దానికి తోడైందన్నారు.

వానో, మంచో లేకపోతే ఈ ప్రాణాలు పోయేవి కావు, నిజమే. కానీ వాన అందరికీ కురుస్తుంది. గీత దగ్గర ఆగినవాళ్ళు బతికారు, దాటినవాళ్ళు పోయారు.

వాతావరణం బాగున్నప్పుడు కూడా

అన్నిటికీ వాతావరణాన్నే తప్పుపట్టకూడదనడానికి మన బెంగళూరే సాక్ష్యం. 1990 ఫిబ్రవరి 14న, అప్పటి హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయంలో దిగబోతున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఏ-320 రన్‌వేకు ముందున్న గోల్ఫ్ మైదానంలో కూలింది. 146 మందిలో 92 మంది చనిపోయారు. మధ్యాహ్నం ఒంటిగంట వేళ, ఆకాశం నిర్మలంగా ఉంది. విమానం దేశానికి వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. ఇంజన్లు అతి తక్కువ శక్తితో నడిచే స్థితిలో ఉండగా విమానం దిగుతోంది. 400 అడుగులు, 300 అడుగులు, 200 అడుగులు అని యంత్రం చదువుతూనే ఉంది. ఇంజన్ల శక్తి పెంచవలసిన క్షణంలో ఆ పని జరగలేదని విచారణలో తేల్చారు.

బెంగళూరులో మనవాళ్ళు మరచిపోలేని ఇంకో ప్రమాదం సినీనటి సౌందర్యది. 2004 ఏప్రిల్ 17న కరీంనగర్ ఎన్నికల ప్రచారానికి బయలుదేరిన ఆమె చిన్న సెస్నా విమానం జక్కూరు నుంచి లేచిన కొద్ది క్షణాలకే కూలింది. నలుగురు పోయారు. అది లేచేటప్పుడు జరిగిన ప్రమాదం, దిగేటప్పటిది కాదు. ఒక్కొక్క ప్రమాదానిది ఒక్కొక్క కారణం. అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఏదీ నేర్చుకోలేం.

పక్కనున్నవాడు నోరు విప్పాలి

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కాక్‌పిట్‌లో ఇద్దరు ఎందుకు ఉంటారు? ఒకరు నడపడానికి, మరొకరు గమనించడానికి. గమనించడం అంటే చూసి ఊరుకోవడం కాదు, చెప్పడం.

2010 మే 22న దుబాయి నుంచి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడింది. 166 మందిలో ఎనిమిది మందే మిగిలారు. కో-పైలట్ మూడుసార్లు గో అరౌండ్ అన్నాడు. హెచ్చరిక యంత్రం కూడా అరిచింది. కెప్టెన్ దిగడానికే మొగ్గు చూపాడు. 2020 ఆగస్టు 7న, హోరు వానలో, కోళికోడ్‌లో అలాగే మరో విమానం రన్‌వే దాటి పడిపోయింది. ఇద్దరు పైలట్లతో కలిపి 21 మంది మరణించారు. అక్కడ కూడా కో-పైలట్ గో అరౌండ్ అన్నాడు. దర్యాప్తు నివేదికలో కెప్టెన్ తప్పుతో పాటు ఇంకొక వాక్యం ఉంది. మాట చెప్పినా వినకపోయినప్పుడు కో-పైలట్ విమానాన్ని తన చేతిలోకి తీసుకుని పైకి లేపలేదన్నది ఆ వాక్యం. చిన్నవాడి మీద ఎంత పెద్ద బాధ్యత ఉందో చూడండి.

1978 డిసెంబరులో అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర ఒక పెద్ద విమానం ఇంధనం అయిపోయి కూలింది. పది మంది చనిపోయారు. చక్రాలు దిగాయో లేదో తేల్చుకునే పనిలో కెప్టెన్ మునిగిపోయాడు. ఇంధనం తగ్గుతోందని పక్కవారు చెప్పారు గానీ, ఆయన ఆగి వినేంత గట్టిగా చెప్పలేదు. అటువంటి ప్రమాదాలు చూశాకే 1979లో నాసా ఒక సమావేశం జరిపింది. కాక్‌పిట్‌లో చిన్నవారు ఎలా చెప్పాలి, పెద్దవారు ఎలా వినాలి అన్నది అప్పటి నుంచి ఒక శిక్షణగా మారింది. ఇవాళ ప్రతి పైలట్ అది నేర్చుకోవాల్సిందే.

మన ఇళ్ళల్లో పెద్దలకు ఎదురు చెప్పకూడదని నేర్పుతాం. మంచిదే. అయితే ఎదురు చెప్పడం వేరు, ఉన్నది చెప్పడం వేరు. “సార్, వాన కాస్త ఎక్కువగా ఉన్నట్టుందండీ” అంటే అది కబురు. “సార్, రన్‌వే కనబడటం లేదు. పైకి లేవండి” అంటే అది హెచ్చరిక. రెండింటిలోనూ సార్ ఉంది. గౌరవం ఎక్కడికీ పోలేదు. రెండో మాటలో ప్రాణాలు దక్కించే స్పష్టత ఉంది.

వెనక సీట్లలో కూర్చున్న మనం

పైలట్ గీత ఎందుకు దాటుతాడు? అతనికి మాత్రం ప్రాణం మీద తీపి ఉండదా? ఒత్తిడి ఉంటుంది. సమయానికి చేర్చాలి, ఇంధనం ఖర్చు, తరువాతి సర్వీసు ఆలస్యం, ఎక్కినవాడు పెద్ద మనిషి. అమెరికాలోని ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ పరిశీలనలో తేలిన లెక్క చూడండి. దిగే తీరు కుదురుగా లేని సందర్భాలు వంద ఉంటే, నియమం ప్రకారం మళ్ళీ పైకి లేచినవి సుమారు మూడే. మిగతా తొంభై ఏడుసార్లు ఎలాగో దిగేశారు. ఎక్కువసార్లు ఏమీ కాదు. ఏమీ కాకపోవడమే అలవాటు చేస్తుంది.

మన తెలుగు నేల మీద ఇలాంటి దుఃఖాలు చూశాం. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి గారి హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలింది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ వర్షంలో నల్లమల కొండల్లో కూలింది. ఐదుగురూ మరణించారు. ప్రజల మనిషి ప్రయాణం ఆపడం ఎవరికైనా కష్టమే. ఆపినవారిని మెచ్చుకునే అలవాటు మనకు లేదు.

మన సంగతే చూసుకుందాం. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున దేవనహళ్ళిలో మంచు పడుతుంది. విమానాన్ని చెన్నైకో హైదరాబాదుకో మళ్ళిస్తే కౌంటరు దగ్గర ఉన్న ఆ అమ్మాయి మీద మనం ఎంత గట్టిగా అరుస్తాం? పెళ్ళి ముహూర్తం పోయిందంటాం, ఇంటర్వ్యూ పోయిందంటాం. ఆ అరుపులన్నీ కూడి మరో రోజు మరో పైలట్ భుజం మీద బరువవుతాయి. మళ్ళించిన పైలట్ మనకు ఉపకారం చేశాడని గుర్తుంచుకోండి.

విమాన సంస్థలు ఈ విషయం గ్రహించాయి. గో అరౌండ్ చేసిన పైలట్‌ను సంజాయిషీ అడగబోమని అనేక సంస్థలు నియమం పెట్టుకున్నాయి. వెనక్కి మళ్ళినందుకు శిక్ష లేదన్న భరోసా ఉంటేనే మనిషి సమయానికి వెనక్కి మళ్ళుతాడు.

మన ఊరు చేస్తున్న పని

భరోసాతో పాటు పరికరాలూ కావాలి. కెంపేగౌడ విమానాశ్రయం దక్షిణ రన్‌వేపై, చూపు 50 మీటర్లకు తగ్గినా దిగగలిగే ఏర్పాటు ఉంది. చిన్న విమానాశ్రయాలకు అంత ఖరీదైన ఏర్పాటు చాలాచోట్ల సాధ్యం కాదు. అక్కడికే చిన్న విమానాలు పోతాయి. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం మొదలైన రోజు నడిచిన సర్వీసుల్లో కడప–హైదరాబాదు ఒకటి. 2021 మార్చిలో బెంగళూరు నుంచి కర్నూలు ఓర్వకల్లుకు విమానం వెళ్ళింది. సర్వీసులు పెరిగేకొద్దీ ఈ లోటు తీర్చడం అత్యవసరం.

దానికి ఒక జవాబు గగన్. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి రూపొందించిన ఉపగ్రహ వ్యవస్థ ఇది. దాని ప్రధాన నియంత్రణ కేంద్రం ఇక్కడే, కుందలహళ్ళిలో ఉంది. రన్‌వే దగ్గర ఖరీదైన యంత్రాలు లేకపోయినా, వాలు సంకేతాన్ని ఉపగ్రహం నుంచి అందుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఒక ఏటీఆర్ విమానం గగన్ సాయంతో దిగి చూపించింది. రన్‌వే మీద చూపు ఎంత దూరం ఆనుతోందో కొలిచే దృష్టి అనే పరికరాన్ని తయారుచేసింది మన నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్. పిల్లలూ, ఇంజనీరింగు అంటే రాకెట్లు ఒక్కటే కాదు. ఓ చిన్న ఊరి రన్‌వే పక్కన పెట్టిన ఒక కొలత పెట్టె కూడా ఏటా వేలమందిని ఇంటికి చేరుస్తుంది.

పిల్లలకు ఒక మాట, పెద్దలకు ఒక విన్నపం

చదువు కూడా ఒక ప్రయాణమే. మీలో చాలామంది కుటుంబంలో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవారు. ఇంటి దగ్గర అమ్మానాన్నలు ఎదురుచూస్తుంటారు. ట్రస్టు ఇచ్చిన డబ్బుకు జవాబు చెప్పాలన్న భయం ఉంటుంది. ఒక సబ్జెక్టు పోతుంది. స్కాలర్‌షిప్ ఆగిపోతుందేమోనని ఎవరికీ చెప్పరు. తరువాతి సెమిస్టరులో సర్దేద్దాంలే అనుకుంటారు. అప్పటికి రెండు పోతాయి, నాలుగు పోతాయి. రన్‌వే కనబడకుండానే దిగుతూ ఉంటారు. చివరి ఇరవై సెకన్లలో మాకు తెలుస్తుంది. అప్పుడు మేం చేయగలిగేది పెద్దగా ఉండదు.

కాబట్టి మీ గీతను ఇవాళే గీసుకోండి. ఏ మార్కు దగ్గర, ఎన్ని సబ్జెక్టుల దగ్గర ఎవరికి చెప్పాలో ముందే అనుకోండి. పక్కనున్న స్నేహితుడు మునిగిపోతుంటే చూసి ఊరుకోకండి. మీరు అతని కో-పైలట్. గౌరవంగానే, స్పష్టంగా చెప్పండి. అతను వినకపోతే మాకు చెప్పండి.

ఇక ట్రస్టు పెద్దలకు నా విన్నపం. తప్పిన విద్యార్థికి సాయం ఆపాలన్న నియమం మన ట్రస్టులో ఉంది. దాతల డబ్బుకు లెక్క ఉండాలి, దాన్ని నేను కాదనను. అయితే ఫలితాలు రాకముందే తనంతట తానుగా వచ్చి, కష్టంగా ఉంది, ఒక సెమిస్టరు గడువు కావాలి అని అడిగిన విద్యార్థిని మాత్రం సంజాయిషీ అడగకుండా ఒక్కసారి కొనసాగించండి. దాచిపెట్టినవాడికీ ముందే చెప్పినవాడికీ ఒకే శిక్ష వేస్తే, ఇకమీదట ఎవరూ ముందుగా చెప్పరు. విమాన సంస్థలు ఎన్నో ప్రాణాలు పోయాక నేర్చుకున్న నియమం ఇది. మనం ఊరికే నేర్చుకోవచ్చు. ఒక్క సెమిస్టరు అదనపు ఖర్చు ఎంతో కోశాధికారి గారు లెక్కవేసి కార్యవర్గం ముందు పెట్టాలని కోరుతున్నాను.

మళ్ళీ పైకి లేచిన విమానం ఇంకో చుట్టు తిరిగి పావుగంట ఆలస్యంగా దిగుతుంది. ఎదురుచూసేవారు కాస్త విసుక్కుంటారు, తరువాత సామాను అందుకుని ఇంటికి తీసుకెళతారు. మీ చదువు కూడా అంతే. కాస్త ఆలస్యమైనా క్షేమంగా చేరండి.